సింథటిక్ ఫ్రెట్‌బోర్డ్ ఉన్న అకౌస్టిక్ గిటార్‌కి పూర్తి ధర పెట్టాలా?

ఆరోతీగ:
కొత్త స్టీల్ స్ట్రింగ్ అకౌస్టిక్ కొందామని చూస్తున్నాను. టాప్ (ముందు పలక) సాలిడ్ స్ప్రూస్, నెక్ మహాగనీ, వాయిస్తే చేతికి హాయిగా ఉంది. తీరా వివరాలు చదివితే ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక), బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే ముక్క) రెండూ రిచ్‌లైట్ అని ఉంది. తెలియనివాళ్ల కోసం: కాగితం పొరలకు ఫీనాలిక్ రెజిన్ పట్టించి, వేడి మీద గట్టిగా నొక్కి తయారుచేసే పలక అది. మార్టిన్ కంపెనీ తక్కువ ధర మోడళ్లలో వాడింది, సరే. గిబ్సన్ అయితే లెస్ పాల్ కస్టమ్ లాంటి ఖరీదైన ఎలక్ట్రిక్ మీద కూడా కొన్నేళ్లు పెట్టింది. దీనికి చెక్క ధర ఇవ్వడం సబబేనా?

రోజ్‌వుడ్‌రాజు:
సబబు కాదు. నల్లగా ఉన్నంత మాత్రాన ఎబొనీ (ఖరీదైన నల్ల చెక్క) అయిపోదు. చెక్క మీద చారలు ఏ రెండు గిటార్లకూ ఒకేలా ఉండవు. రిచ్‌లైట్ వంద గిటార్లకు వేసినా వందా ఒకేలా ఉంటాయి. వంటగది గట్ల మీద పరిచేదీ ఇదే పలక, గిటార్ బ్రోచర్‌లో మాత్రం ఆ ముక్క కనిపించదు. కంపెనీకి ఏరివేత బాధ తగ్గింది, పనికిరాక పారేసే సరుకు తగ్గింది. ఆ మిగులు మనకేమైనా ఇచ్చారా?

ఫ్రెట్‌మిస్త్రీ:
రాజు గారూ, ధర విషయంలో మీ మాట కాదనను. సరుకే పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను.

పొడి వాతావరణం మొదలైతే నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు ఒకటే, ఫ్రెట్ (ఫ్రెట్‌బోర్డ్ మీద అడ్డంగా బిగించే లోహపు కడ్డీ) కొనలు గుచ్చుకుంటున్నాయని. గాల్లో తేమ తగ్గితే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. లోహపు ఫ్రెట్ అలాగే ఉంటుంది కాబట్టి కొన బయటికి పొడుచుకొస్తుంది. నెక్ అంచున చెయ్యి జారిస్తే గీరుకుంటుంది. రిచ్‌లైట్ తేమను పెద్దగా పీల్చదు, వదలదు, అందుకే ఈ బాధ చాలా తక్కువ. అలాగని గిటార్‌ని ఎక్కడపడితే అక్కడ పడేయకండి. టాప్, నెక్ చెక్కే కదా, వాటికి 45–55 శాతం తేమ కావాల్సిందే.

ఇక ఫ్రెట్లు మార్చే పని. ఫ్రెట్ అడుగున సన్నని పళ్లుంటాయి. సుమారు 0.6 మిల్లీమీటర్ల గాడిలో దాన్ని పట్టి ఉంచేవి అవే. పాత ఫ్రెట్ లాగేటప్పుడు ఆ పళ్లు గాడి అంచుని పెచ్చులుగా లేపుతాయి. రిచ్‌లైట్‌లో ఈ ప్రమాదం ఉన్నమాట నిజం, కాకపోతే ఎబొనీ కూడా పెళుసుదే. దేనికైనా ముందు సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ని వేడిచేసి, ఒక కొన నుంచి కొద్దికొద్దిగా పైకి తేవాలి. పెచ్చు లేచినచోట అదే పలక పొడి నింపి సూపర్ గ్లూ చుక్క వేస్తే నలుపులో నలుపు కలిసిపోతుంది. రోజ్‌వుడ్ మీద అతుకు ఇంత బాగా దాగదు.

నాకు పడనిది దాని దుమ్ము. మాస్క్ లేకుండా ఆకురాయి ముట్టను. (రోజ్‌వుడ్ దుమ్ము కూడా కొందరికి అలర్జీ తెస్తుంది లెండి.)

రోజ్‌వుడ్‌రాజు:
రిపేరు సంగతి ఒప్పుకుంటాను. మరి సౌండ్?

నిదానంస్ట్రమ్:
కళ్లు మూసుకుని వింటే ఎవరూ చెప్పలేరు. 2018లో లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన పరీక్ష ఉంది. వెనక, పక్కల చెక్క తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న 6 గిటార్లను 52 మంది గిటారిస్టుల చేత మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి వాయింపజేశారు. ఖరీదైన చెక్కకీ చవక చెక్కకీ చెప్పుకోదగ్గ తేడా ఎవరికీ తెలియలేదు.

రోజ్‌వుడ్‌రాజు:
అది వెనక చెక్క పరీక్ష. ఫ్రెట్‌బోర్డ్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ రుజువు తెచ్చి ఇక్కడ అతికిస్తే ఎలా?

బ్రిడ్జ్‌పిన్:
ఈ పాయింట్‌లో రాజు గారిదే కరెక్ట్. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆరోతీగ గారు ఫ్రెట్‌బోర్డ్, బ్రిడ్జ్ రెండూ రిచ్‌లైట్ అన్నారు. మనం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

వేలితో నొక్కినప్పుడు తీగ ఆనేది లోహపు ఫ్రెట్ మీద. దాని కింది పలక మందపాటి నెక్‌కి అంటుకుని ఉంటుంది. అకౌస్టిక్‌లో శబ్దాన్ని గాల్లోకి పంపేది టాప్. ఆ పలక మారితే తేడా సున్నా అనను. టాప్ తెచ్చే తేడాతో పోలిస్తే అది లెక్కలోకి రాదు అంటాను.

బ్రిడ్జ్ అలా కాదు. పల్చని స్ప్రూస్ మీద నేరుగా కూర్చుంటుంది, తీగల కంపనం అంతా దాని గుండానే టాప్‌లోకి దిగుతుంది. లైట్ గేజ్ (సన్నరకం) తీగలు ఆరూ కలిపి 70 కిలోల పైచిలుకు బరువుతో దాన్ని లాగుతుంటాయి. అక్కడ కొన్ని గ్రాములు పెరిగినా టాప్ కదిలే తీరు మారుతుంది. రిచ్‌లైట్ సాంద్రత రోజ్‌వుడ్ కంటే బాగా ఎక్కువ. అదే కొలతకు బ్రిడ్జ్ చేస్తే బరువెక్కుతుంది. అందుకే నా లెక్క ఇదీ: ఫ్రెట్‌బోర్డ్ సింథటిక్ అయితే కళ్లు మూసుకుని కొనండి, బ్రిడ్జ్ కూడా అదే అయితే పక్కన చెక్క బ్రిడ్జ్ ఉన్న గిటార్ పెట్టుకుని వాయించి చూడండి.

పచ్చాకు:
అడవి సంగతి ఎవరూ ఎత్తలేదేం? బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌ని 1992లోనే సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో, అంటే అన్నిటికన్నా కఠినమైన దాంట్లో పెట్టారు. 2017 జనవరి నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో జాబితాలోకి వచ్చాయి, ఎగుమతికి పర్మిట్ల గొడవ మొదలైంది. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దొరికింది. మడగాస్కర్ నుంచి అక్రమంగా ఎబొనీ తెప్పించిందన్న కేసులో గిబ్సన్ 2012లో 3 లక్షల డాలర్ల జరిమానా కట్టి బయటపడింది. ఇవన్నీ చూశాక కంపెనీలు కాగితం పలక వైపు చూడటంలో వింతేముంది?

రోజ్‌వుడ్‌రాజు:
అదే సమస్యకి టేలర్ గిటార్ల కంపెనీ ఏం చేసింది? 2011లో భాగస్వామితో కలిసి కామెరూన్‌లో ఎబొనీ మిల్లు కొన్నది. నల్లగా లేదని, చారలున్నాయని కోసిన చెట్లను అడవిలోనే వదిలేస్తున్నారని తెలిసి, ఆ చారల ఎబొనీని తన ఖరీదైన గిటార్ల మీద కూడా వేసింది. మొక్కలు నాటే పనీ పెట్టుకుంది. నేను మెచ్చుకునేది ఆ దారిని. రిచ్‌లైట్‌లో రెజిన్ తయారయ్యేది ఫీనాల్, ఫార్మాల్డిహైడ్‌లతో. గట్టిపడ్డాక మళ్లీ కరిగించి వాడే దారి లేదు. పచ్చదనం పేరు చెప్పి అమ్మడం అన్యాయం.

పచ్చాకు:
చారల ఎబొనీ మంచి దారే, కాదనను. అయితే చవక గిటార్లన్నింటికీ చాలేంత ఎబొనీ ఏ అడవిలో ఉంది చెప్పండి?

ఆరోతీగ:
అయితే ఈ వారం బ్రిడ్జ్ చెక్కతో ఉన్న మోడల్ పక్కన పెట్టుకుని వాయిస్తాను. మిస్త్రీ గారూ, రిచ్‌లైట్‌కి నూనె పట్టించాలా?

ఫ్రెట్‌మిస్త్రీ:
అవసరం లేదు. తీగలు మార్చేటప్పుడు కాస్త తడిబట్టతో తుడిచి, పొడిబట్ట వేయండి చాలు. కొనేముందు మాత్రం లైటు ఏటవాలుగా పడేలా పట్టుకుని గాడి అంచుల్లో పెచ్చులు లేచాయేమో చూడండి. ఉంటే ఆ గిటార్ వద్దు, ఇంకోటి తీయమనండి.

రోజ్‌వుడ్‌రాజు:
ధర కూడా తగ్గించమనండి.