నిగ్రహానికి మార్కులేసి ప్రమోషన్ ఇవ్వొచ్చా?

నైట్‌షిఫ్ట్: టీమ్ లీడ్ పోస్టుకి మా ఆఫీసులో 13 ప్రశ్నల కాగితం ఇచ్చారు. "నేను బద్ధకస్తుణ్ణి", "నాకు ఏకాగ్రత కుదరదు" లాంటివి. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు మనమే వేసుకోవాలి. ఉన్నదున్నట్టు రాశాను, పోస్టు పోయింది. నాలుగేళ్లుగా ఒక్క కాల్ మధ్యలో వదల్లేదు నేను. ఇది న్యాయమేనా?

నియామకాలు_చూసేదాన్ని: మేమూ అదే వాడతాం. నిగ్రహాన్ని కొలవడానికి 2004లో టాంగ్నీ, బామైస్టర్, బూన్ అనే మనస్తత్వ పరిశోధకులు తయారుచేసిన స్కేలు అది. నిగ్రహానికి విలువ లేదనుకుంటే డునెడిన్ చూడండి. న్యూజిలాండ్‌లోని ఆ ఊళ్లో 1972-73లో పుట్టిన వెయ్యి మందిని పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నవాళ్లకి 32 ఏళ్లొచ్చేసరికి డబ్బు ఇబ్బందులు ఎక్కువ. ఇంటి స్థోమత, తెలివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు.

లెక్కల_మాస్టారు: అక్కడ తల్లిదండ్రులు, టీచర్లు, పరిశోధకులు ఏళ్ల తరబడి చూసి చెప్పారమ్మా. మీరు ఉద్యోగం కావాల్సినవాడినే అడుగుతున్నారు. "బద్ధకస్తుణ్ణి" అన్నచోట 5 ఎవరు వేసుకుంటారు?

నియామకాలు_చూసేదాన్ని: అందరూ అబద్ధాలాడరండీ.

లెక్కల_మాస్టారు: నేనన్నది అది కాదు. మార్ష్‌మాలో పరీక్షనే తీసుకోండి. 2018లో 900 మందికి పైగా పిల్లలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులు లెక్కలో కలపగానే చిన్నప్పటి నిగ్రహానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం చాలావరకు కరిగిపోయింది.

కొత్త_సభ్యుడు: మార్ష్‌మాలో అంటే?

లెక్కల_మాస్టారు: మెత్తటి మిఠాయి బాబూ. ఇప్పుడైతే ఒకటి, ఆగితే రెండు అని చిన్నపిల్లలకి చెప్పి చూశారు. ఆగినవాళ్లు తర్వాత చదువులో మెరుగని మొదట అన్నారు.

నియామకాలు_చూసేదాన్ని: మిఠాయితో నాకేం పని? నేను పెద్దవాళ్లకి ఉద్యోగాలిస్తాను! పనిలో క్రమం, బాధ్యత ఉన్నవాళ్లు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ మెరుగని 1991లోనే బారిక్, మౌంట్ అనే పరిశోధకులు తేల్చారు.

లెక్కల_మాస్టారు: మెరుగే, కానీ కొద్దిగా. వందల మందిని కలిపితే కనపడే తేడాతో ఒక్క మనిషి సంగతి తేల్చేస్తారా?

నైట్‌షిఫ్ట్: అసలు నా నాలుగేళ్ల రికార్డు ఎందుకు చూడలేదు?

నియామకాలు_చూసేదాన్ని: రికార్డు ఎవరు రాస్తారు? మేనేజరే కదా! పదేళ్ల క్రితం నాకు రావాల్సిన పోస్టు మేనేజరు మేనల్లుడికి పోయింది. రికార్డు నాదే బాగుంది, ఎవరూ తెరిచి చూడలేదు. ఈ కాగితం కులం అడగదు, చుట్టరికం అడగదు. అందుకే దాన్ని వదలను.

నైట్‌షిఫ్ట్: మీకు జరిగింది అన్యాయమే అక్కా. నా సంగతి కూడా వినండి. ఏకాగ్రత కుదరదన్నచోట 4 వేశాను. పొద్దున ఆరింటికి ఇల్లు చేరతాను. పాపకి జడలేసి బడికి పంపేసరికి తొమ్మిది. రేకుల ఇల్లు, పన్నెండయ్యేసరికి పొయ్యి మీద పెనం. పడుకునేది ఆ మూడు గంటలే. ఆ 4 నా స్వభావానికా, నా షిఫ్టుకా?

నియామకాలు_చూసేదాన్ని: షిఫ్టులు వేసేది నేను కాదమ్మా.

లెక్కల_మాస్టారు: వేసేవాళ్లకి ఆ మార్కులు ఎప్పుడైనా చూపించారా?

నియామకాలు_చూసేదాన్ని: లేదు.