పంట డబ్బు దాచాలి: బంగారమా, బిట్‌కాయినా?

కొత్తూరు రైతు: పంట డబ్బు చేతికొచ్చింది. బ్యాంకులో వేస్తే పెరిగే ధరలకి వడ్డీ చాలట్లేదు. బంగారం కొనాలా, బిట్‌కాయినా?

పర్లాకిమిడి పాతకాపు: బంగారమే నాయనా. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నప్పుడు మా పెద్దపిల్ల పెళ్లికి దాచిన సొమ్ము పట్టుకుని బ్యాంకు ముందు రోజంతా నిలబడ్డాను. బీరువాలో బంగారానికి మాత్రం ఏమీ కాలేదు.

గుణుపురం కుర్రోడు: బాబాయ్, తరుగు, మజూరీ, పైన 3 శాతం జీఎస్టీ... అమ్మేటప్పుడు ఇవి తిరిగొస్తాయా? బిట్‌కాయిన్ 2.1 కోట్లకి మించి పుట్టదు, ఏ ప్రభుత్వమూ అదనంగా ముద్రించడం కుదరదు.

రాయగడ కిరాణా: బిట్‌కాయిన్‌లో లాభమొస్తే 30 శాతం పన్ను. నష్టమొస్తే దేంట్లోనూ సర్దుకోనివ్వరు.

పాతకాపు: 2021 నవంబరులో 69 వేల డాలర్లు పలికింది, ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గర పడింది. ఆ మధ్యలో పిల్ల పెళ్లి వస్తే?

కుర్రోడు: ముందు తరుగు సంగతి చెప్పండి. బరంపురంలో ఒక షాపువాడు మా అమ్మ నెక్లెస్‌కి రాళ్ల బరువు కూడా బంగారం లెక్కలో వేసి బిల్లు రాశాడు. మార్చబోతే అదే మనిషి పట్టకారుతో ఒక్కో రాయీ పీకి పక్కన పెట్టి, మిగిలింది తూచాడు.

పాతకాపు: నాణెం కొంటే రాళ్ల గొడవే లేదు.

కుర్రోడు: కొన్న బ్యాంకే ఆ నాణెం వెనక్కి తీసుకోదు, మళ్లీ ఆ షాపుకే వెళ్లాలి. తెలియకపోతే మాట్లాడకండి.

పాతకాపు: నోరు అదుపులో పెట్టుకో. 2022లో బిట్‌కాయిన్ లాంటి క్రిప్టోలు కొని అమ్మే ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ మునిగితే అందులో దాచుకున్నవాళ్ల గతేమైంది?

కుర్రోడు: అందుకే సొంత వాలెట్ ఉండాలి. దానికి తాళంలాంటి 12 మాటలు కాగితం మీద రాసుకుంటే సొమ్ము మన చేతిలోనే.

కాశీనగరం టీచరమ్మ: ఎవరి చేతిలో? మా ఆయన నా గాజులు తాకట్టు పెట్టించి ఆ డబ్బు క్రిప్టోలో పోశారు. ఆ 12 మాటలు ఏవండీ అంటే నీకెందుకన్నారు. గాజులుంటే కనీసం నా కళ్లముందు ఉండేవి.

కుర్రోడు: అక్కా, మా నాన్న అమ్మ నగలు చెప్పకుండానే తాకట్టు పెట్టేశారు. బీరువా తాళం ఆయన మొలతాడుకే ఉండేది. బంగారమైనంత మాత్రాన అమ్మదెలా అయింది?

పాతకాపు: ఇంటిపెద్ద దగ్గర తాళం ఉండటం కూడా తప్పేనా?

టీచరమ్మ: తప్పే బాబుగారూ. తాకట్టు కాగితం మీద సంతకం నాది, వడ్డీ నా జీతంలోంచి పోతోంది. బంగారమైనా బిట్‌కాయినైనా రెండో తాళం నాకివ్వాలి. అది లేకుండా ఏది కొన్నా నేనొప్పుకోను.