రోజూ చిన్న చిన్న విషయాల్లో లోబడితే విశ్వాసం పెరుగుతుందా, అలవాటు మాత్రమే పెరుగుతుందా?

కొత్తతిత్తి:
అందరికీ వందనాలు. నేను బాప్తిస్మం తీసుకుని ఎక్కువ కాలం కాలేదు. యూత్ మీటింగ్‌లో ఒక అన్న చెప్పారు, పెద్ద పెద్ద అనుభవాల కోసం ఎదురుచూడొద్దు, ఈరోజు నీకు తెలిసిన ఒక్క మాటకు లోబడు, రేపు ఇంకోదానికి, విశ్వాసం అలాగే పెరుగుతుంది అని. లూకా 16:10 చూపించారు, "మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు". సరేనని మొదలుపెట్టాను. లేవగానే ఫోన్ ముట్టకుండా వాక్యం చదవడం, నోటిదాకా వచ్చిన అబద్ధం మింగెయ్యడం, ఇలాంటివి. చేస్తున్నాను గానీ లోపల ఏమీ కదలట్లేదు. మనసు లేకుండా చేస్తే వేషధారణ కాదా? ఆపెయ్యాలా?

యొర్దాను_ఒడ్డు:
ఆపొద్దు తమ్ముడూ. 2 రాజులు 5 తియ్యి. కుష్ఠు పోవాలని ఎలీషా ప్రవక్త దగ్గరికొచ్చిన సిరియా సేనాధిపతి నయమానుకు ఏమనిపించింది? ఒళ్ళు మండింది. ప్రవక్త స్వయంగా బయటికొచ్చి, దేవుని పేరెత్తి, చెయ్యి ఆడిస్తాడనుకున్నాడు. ఆయనేమో గడప దాటకుండా కబురు పంపాడు, పోయి యొర్దాను నదిలో ఏడుసార్లు స్నానం చెయ్యమని. దమస్కులో నదులు లేవా అని రుసరుసలాడుతూ వెళ్ళిపోయాడు. ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివి కదా అని దాసులు బతిమాలితే గానీ దిగలేదు. మునిగింది 14వ వచనంలో. ఇశ్రాయేలు దేవుడు తప్ప వేరే దేవుడు లేడని ఒప్పుకున్నది 15లో. ముందు లోబడ్డాడు, తర్వాత నమ్మాడు. వరస అది.

ద్రాక్షతీగ:
అదే అధ్యాయంలో ఇంకొకడున్నాడు బ్రదర్. గేహజీ, ఎలీషా దాసుడు. రోజూ ప్రవక్త వెంటే. ఫలానావాళ్ళని పిలువు అంటే పిలిచాడు, కనుక్కో అంటే కనుక్కున్నాడు. 4వ అధ్యాయంలో దండం ఇచ్చి పొమ్మంటే పరుగున పోయి చచ్చిపోయిన పిల్లాడి ముఖం మీద పెట్టాడు కూడా. చిన్న విధేయతలే విశ్వాసాన్ని పెంచేవైతే ఈపాటికి ఇతను ఇంకో ఎలీషా అయ్యుండాలి. అయ్యాడా? నయమాను వెంట పరుగెత్తి అబద్ధమాడి వెండి తెచ్చుకున్నాడు. నయమాను కుష్ఠు ఇతనికి అంటుకుంది.

మిడిమిడిజ్ఞాని:
గేహజీ తరఫున వకాలత్ ఉంటుందని నాకు ఈరోజే తెలిసింది 😀

కృపచాలు:
ఎఫెసీ 2:8, 9. రక్షణ మన వలన కలిగినది కాదు, క్రియల వలన కాదు. ఇంతకు మించి చర్చ అనవసరం. క్రియలు లేని విశ్వాసం మృతం అనే యాకోబు పత్రికని సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లోనే గడ్డి పత్రిక అన్నాడు.

యొర్దాను_ఒడ్డు:
9 దగ్గర బైబిల్ మూసేస్తే ఎలా బ్రదర్, 10 కూడా చదవండి. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు అని ఉంటుంది. మీ లూథరే అదే 1522లో రోమా పత్రికకు పీఠిక రాస్తూ విశ్వాసం సజీవమైనది, ఊరికే కూర్చోదు, మంచి చెయ్యాలా అని అడిగేలోపే చేసేసి ఉంటుంది అన్నాడు.

సిస్టర్, గేహజీ లోబడింది ఎలీషాకు, దేవునికి కాదు. నయమాను సంగతి వేరు.

ద్రాక్షతీగ:
నయమానుకు చెప్పింది కూడా ఎలీషాయే కదా? పైగా మీరు చెప్పే వరస కూడా కుదరదు. నమ్మకమే లేకపోతే ఒక పనిపిల్ల మాట పట్టుకుని, రాజుగారి దగ్గర ఉత్తరం రాయించుకుని సిరియా నుంచి ఎందుకొస్తాడు?

యొర్దాను_ఒడ్డు:
వచ్చింది రోగం పోతుందేమోనని. దాన్ని ఆశ అంటారు. విశ్వాసం 15వ వచనంలోనే.

ద్రాక్షతీగ:
ఆవగింజంత ఉన్నా చాలన్నది ఎవరు బ్రదర్?

పాతడైరీ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో గంటగంటకూ ఏం చేశాడో డైరీలో రాసుకునేవాడు. ఉపవాసం, ప్రార్థన, జైళ్ళకు వెళ్ళి ఖైదీలను చూడటం, ఏదీ తప్పలేదు. తీరా 1738లో అమెరికాలోని జార్జియా నుంచి తిరిగొచ్చాక తనకు అసలు విశ్వాసమే లేదని తేల్చుకున్నాడు. ప్రసంగాలు మానేస్తానంటే మొరేవియన్ మిషనరీ పీటర్ బోలర్ వద్దన్నాడు, విశ్వాసం వచ్చేదాకా దాన్నే ప్రకటించు, వచ్చాక ఎలాగూ ప్రకటిస్తావు అని. మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలోని కూటంలో ఆయన హృదయం వెచ్చబడింది. అక్కడ చదువుతున్నది పైన చెప్పిన లూథర్ పీఠికే.

యొర్దాను_ఒడ్డు:
చూశారా, ఏమీ అనిపించకపోయినా మానలేదు.

ద్రాక్షతీగ:
చూశారా, అన్నేళ్ళు గంటలు లెక్కపెట్టినా రాలేదు. కూర్చుని వింటుంటే వచ్చింది.

మిడిమిడిజ్ఞాని:
వెస్లీని చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. పాపం.

యొర్దాను_ఒడ్డు:
సిస్టర్, ఒక మాట అంటాను, నొచ్చుకోవద్దు. గేహజీని అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళకు సాధారణంగా సమస్య గేహజీతో ఉండదు. లోబడటం ఇష్టం ఉండదు. సంఘంలో ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను.

ద్రాక్షతీగ:
నొచ్చుకోవద్దని మొదలుపెట్టి అనాల్సింది అనేశారు. నేనూ అంటాను, వినండి.

మేము వెళ్ళిన ఒక సంఘంలో తలుపు పక్కన చార్టు ఉండేది. ఎడమవైపు పేర్లు, పైన వారాలు. బైబిల్ చదవడం, కుటుంబ ప్రార్థన, వారం మధ్య కూడిక, ఒక్కోదానికి ఒక్కో గడి. చేస్తే ఆకుపచ్చ టిక్కు. పాప ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా వరస వారాల తరబడి ఖాళీ. తిరిగి వెళ్ళిన మొదటి ఆదివారం ఒక పెద్దాయన అందరి ముందూ "సిస్టర్ గారి దీపంలో నూనె అయిపోయినట్టుంది" అన్నారు. అందరూ నవ్వారు. పాప ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. నా పై వరసలో ఒకాయనకు అన్నీ ఆకుపచ్చే. ఆయనకు సొంత తమ్ముడితో ఏళ్ళ తరబడి మాటల్లేవు. అర్పణ బలిపీఠం దగ్గర వదిలేసి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది. దానికి మాత్రం గడి లేదు.

నాకు లోబడటం చేదు కాదు బ్రదర్. ఏది విధేయతో ఎవరు రాస్తున్నారు, దాన్ని ఎవరు లెక్కపెడుతున్నారు అన్నదే నా గొడవ.

కృపచాలు:
నేను మొదట్లో చెప్పింది ఇదే కదా.

ద్రాక్షతీగ:
కాదు. మీరు చర్చ అనవసరమన్నారు.

యొర్దాను_ఒడ్డు:
మీకు జరిగింది అన్యాయం, ఆ మాట అనకూడనిది. కానీ మా సంఘంలో అలాంటి చార్టు రాసేది నేనే, కాబట్టి నా వైపు కూడా వినండి.

ఒక దశలో నాకు ప్రార్థనకు కూర్చుంటే నోట మాట వచ్చేది కాదు. కీర్తన ఒకటి చదివి మూసేసేవాణ్ణి. మంచం పట్టిన ఒక పెద్దాయన ఉండేవారు, చేతులు వణికి గడ్డం గీసుకోలేరు. వెళ్ళి సబ్బు రాసి, దవడ కింద చర్మం వేలితో లాగి పట్టుకుని, తెగకుండా గీసి వచ్చేవాణ్ణి. ఆయన ఏమీ మాట్లాడేవారు కాదు, నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. వాక్యంలో నాకు చేతనయ్యింది అదొక్కటే మిగిలింది. మనసు ఉంటేనే చెయ్యి అని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నేను ఈపాటికి విశ్వాసంలో ఉండేవాణ్ణి కాదు. అందుకే ఈ తమ్ముడికి ఆపొద్దన్నాను.

ద్రాక్షతీగ:
మనసు ఉంటేనే చెయ్యమని నేను ఎక్కడా అనలేదు. సరే, ఆ గడ్డం గీయడానికి మీ చార్టులో గడి ఉందా?

యొర్దాను_ఒడ్డు:
లేదు. అలాంటివి ఎందుకు పెడతాం?

ద్రాక్షతీగ:
మిమ్మల్ని నిలబెట్టిందేమో చార్టులో లేదు. చార్టులో ఉన్నవేమో మిమ్మల్ని నిలబెట్టలేదు.

యొర్దాను_ఒడ్డు:
కీర్తన చదివానని చెప్పాను కదా, అది గడిలో ఉన్నదే. చార్టు లేకపోతే కొత్తవాళ్ళు నాలుగు రోజులు చేసి వదిలేస్తారు, కళ్ళారా చూశాను.

కొత్తతిత్తి:
అన్నా, అక్కా, ఇంతకీ నేను ఆపాలా వద్దా?

ద్రాక్షతీగ:
ఆపకు తమ్ముడూ. ఏమీ అనిపించకపోవడం వేషధారణ కాదు. అనిపిస్తున్నట్టు నలుగురి ముందు నటిస్తే అప్పుడు వేషధారణ. మత్తయి 6 చదువు, రహస్యమందు చూచు తండ్రి అని ఉంటుంది. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా చెయ్యి.

యొర్దాను_ఒడ్డు:
ఆపకు. కానీ ఎవరో ఒకరికి చెప్పే చెయ్యి. ఒంటరిగా చేసేవాడు పడిపోతే లేపేవాడు ఉండడు. హెబ్రీ 3:13, ప్రతిదినమును ఒకనికొకడు బుద్ధి చెప్పుకొనుడి.

మిడిమిడిజ్ఞాని:
మొత్తానికి ఆపొద్దన్న దగ్గర కలిశారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

ద్రాక్షతీగ:
"ఒకనికొకడు" అని ఉంది బ్రదర్ అక్కడ. మీ చార్టులో మీ పేరు ఎన్నో వరసలో ఉంది?

యొర్దాను_ఒడ్డు:
పెద్దల పేర్లు అందులో రాయం సిస్టర్. అది వేరే విషయం. కావాలంటే దానికి వేరే థ్రెడ్ పెట్టండి.