క్యాంప్ లీడర్‌ని చేశారు, అడ్డపొగ తాగే ఊరు. మీరైతే ఎలా నడుపుతారు?

సిక్కోలు_హౌస్‌సర్జన్:
అందరికీ నమస్కారం. బీడీఎస్ పూర్తయింది, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ పోస్టింగ్. వచ్చే నెల శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న ఒక ఊళ్లో క్యాంప్ ఉంది. ఈసారి లీడర్ నువ్వే అన్నారు. ఇప్పటిదాకా నేను చూసిన లీడర్ పని ఏంటంటే బ్యానర్ కట్టించడం, సర్పంచ్ గారికి శాలువా తేవడం, భోజనాల లెక్క చూడటం, సాయంత్రం హెడ్‌కౌంట్ మేడమ్‌కి వాట్సాప్ చేయడం.

అసలు టెన్షన్ అది కాదు. కిందటి క్యాంప్‌లో ఒక మామ్మ వచ్చింది. అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని తాగడం. అంగిలంతా తెల్లగా, మందంగా ఉంది, మధ్యలో ఎర్ర చుక్కలు. కుడి పక్కన మాత్రం పచ్చిగా ఎర్రగా ఒరుసుకుపోయిన మచ్చ. మా వాళ్లు స్లిప్పు మీద 'రిఫర్' అని రాసి, ఒక టూత్‌పేస్ట్ పాకెట్ చేతిలో పెట్టి పంపేశారు. ఆవిడ స్లిప్పు మడిచి చుట్టల కట్టలో దోపుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఇలాంటివాళ్లని హాస్పిటల్ దాకా ఎలా తేవాలి? నా కింద ఉండే ఫైనలియర్ వాళ్లు రీల్స్ తప్ప ఇంకేమీ చూడరు, వాళ్లకి ఏం పని చెప్పాలి?

మూడో_కుర్చీ (పీజీ):
ముందు మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌ని ఒకే మాట అడుగు. స్క్రీనింగ్ కావాలా, బస్సు నిండా పేషెంట్లు కావాలా? స్టూడెంట్లు చేసి చూపించాల్సిన కోటాకి కట్టుడు పళ్ళ సెట్టు కేసులు, పీకుడు కేసులు వెతికే క్యాంప్ వేరు, నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ వేరు. రెండూ ఒకే పూట పెడితే సెట్టు కేసులే గెలుస్తాయి, రాసిపెట్టుకో.

నోట్లో పెట్టి చూసే మిర్రర్లు ఎన్ని ఆటోక్లేవ్ చేసి (ఆవిరితో క్రిములు చంపి) తెచ్చారో అంతమందినే చూడండి. మధ్యలో స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడుతుంటే లీడర్‌గా నువ్వే ఆపాలి, సీనియర్ అయినా సరే. స్కూల్ బెంచీ మీద కూర్చోబెట్టి టార్చ్‌తో చూస్తే అంగిలి సరిగ్గా కనపడదు. తల వెనక్కి ఆనించే కుర్చీ ఒకటి, హెడ్‌లైట్ ఒకటి ఉండాలి. కట్టుడు పళ్ళుంటే తీయించి చూడండి, మచ్చ దాని కిందే ఉండొచ్చు.

మందస_పిల్లోడు:
నేను డెంటిస్టుని కాను, అడ్డపొగ గురించి వెతుకుతూ ఇక్కడికొచ్చాను. మా మామ్మ తాగేది. మీకు తెలియని సంగతులు రెండు చెప్తాను.

మీ క్యాంప్ ఎప్పుడూ పొద్దున్న పదింటికి పెడతారు. ఆ టైముకి మా ఊళ్లో ఆడవాళ్లు ఉండరు. పడవలొచ్చాక చేపల గంప ఎత్తుకుని అమ్మకానికి పోతారు, మధ్యాహ్నం దాటాక వస్తారు. పదింటికి మీకు దొరికేది స్కూలు పిల్లలే. అందుకే మీ రిపోర్టుల్లో ఎప్పుడూ పిప్పి పళ్ళే ఉంటాయి.

ఇంకోటి, "పొగ మానండి" అని మొదలెడితే నవ్వేసి లేచిపోతారు. మా మామ్మ లెక్క ఏంటంటే, నిప్పు లోపలుంటే సముద్రపు గాలికి ఆరదు, చంకలో పిల్ల మీద బూడిద పడదు, ఒక్క చుట్ట చాలాసేపొస్తుంది. ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది. నోరు కాలదా అంటే, "ఏటి కాలుతాది రా, అలవాటైపోనాది" అనేది. దాన్ని తప్పు అనకండి. నీ అంగిలి నువ్వు ఎప్పుడైనా చూసుకున్నావా అని అడిగి అద్దం ఇవ్వండి. అద్దంలో చూసుకున్న రోజునే మా మామ్మ మా అమ్మ మాట మొదటిసారి విన్నది.

పళ్ళ_మేడమ్:
పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చెప్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మా, నువ్వు వెళ్లేది డెంటల్ పరిశోధనలో ప్రపంచానికి తెలిసిన ప్రాంతం. 1971లో ఆంధ్రలో అడ్డపొగ, అంగిలి మచ్చల మీద ఒక అధ్యయనం అచ్చయింది. 10,169 మంది ఊరివాళ్ల నోళ్లు చూశారు. మామూలుగా పైపు తాగేవాళ్ల అంగిలి తెల్లబడితే మనం అంత భయపడం. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మార్పులు మాత్రం క్యాన్సర్‌కి ముందు దశల జాబితాలో ఉంటాయి. తెల్లటి మందం కంటే ఎర్రమచ్చ, రెండు వారాలకీ మానని పుండు ఎక్కువ ప్రమాదం. ఆ మామ్మది నువ్వు చెప్పినట్టే ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేయాల్సిన కేసు. క్యాంప్ సంగతి తర్వాత, ముందు ఆవిడని వెతుకు. పాత రిజిస్టర్‌లో పేరుంటుంది.

1986లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో ఇంకో అధ్యయనం వచ్చింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ల మీద చేసింది. వాళ్లు చేసిన గొప్ప పని ఏంటంటే మళ్లీ మళ్లీ అదే మనుషుల దగ్గరికి వెళ్లి నోరు చూడటం, మాట్లాడటం. మానేసినవాళ్లు పెరిగారు. మనమేమో ఏటా కొత్త ఊరికి వెళ్లి కొత్త బ్యానర్‌తో ఫోటో దిగుతాం. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ రిపోర్టులో బాగానే కనిపిస్తుందనుకోండి.

ఇక ఫైనలియర్ వాళ్లకి పని. ఎర్రమచ్చ, పుండు కనిపించిన ప్రతి మనిషినీ ఒక్కో స్టూడెంట్‌కి అప్పగించు. పేరు, కొడుకుదో కోడలిదో ఫోన్ నంబరు, ఇంటి గుర్తు ఆ పిల్ల డైరీలో ఉండాలి. హాస్పిటల్‌కి వచ్చిన రోజు గేటు దగ్గర నిలబడాల్సింది, బయాప్సీ రిజల్టు ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సింది ఆ పిల్లే. మార్కులు దీనికే అని ముందే మీ మేడమ్‌తో అనిపించు. రీల్స్ వాటంతటవే తగ్గుతాయి.

ఆశా వర్కర్ని వారం ముందే కలువు. 30 ఏళ్లు దాటినవాళ్లకి ఆమె ఎలాగూ సీబ్యాక్ ఫారం (ఇంటింటికీ తిరిగి జబ్బుల ముప్పు రాసుకునే కాగితం) నింపాలి, అందులో పొగాకు గురించీ నోటి పుండ్ల గురించీ ప్రశ్నలుంటాయి. ఏ ఇంట్లో ఎవరు తాగుతారో నీకంటే ఆమెకి బాగా తెలుసు. క్యాన్సర్ అని తేలితే విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. ఎవరు తోడు వెళ్తారు, రేషన్ కార్డు, ఆధార్ చేతిలో ఉన్నాయా అన్నది ఊళ్లో ఉండగానే తేల్చుకో.

మానాలనుకునేవాళ్లకి క్విట్‌లైన్ నంబరు 1800-11-2356. పొగాకు, సిగరెట్ పాకెట్ల మీద అచ్చేస్తారు గానీ విడిగా అమ్మే చుట్టకి పాకెట్టే ఉండదు కదా. చీటీ మీద రాసి కోడలి చేతికివ్వండి.

సిక్కోలు_హౌస్‌సర్జన్:
అందరికీ థాంక్స్. క్యాంప్‌ని మధ్యాహ్నం 2 గంటలకి మార్చమని ఈరోజు అడిగాను. "మరి చీఫ్ గెస్ట్‌కి లంచ్?" అన్నారు. లంచ్ పెట్టాకే మొదలెడదాం మేడమ్ అన్నాను, ఒప్పుకున్నారు. బస్సు విషయం ఇంకా తేలలేదు. మామ్మ పేరు రిజిస్టర్‌లో దొరికింది, ఫోన్ నంబరు గడి ఖాళీ. మందస_పిల్లోడు గారూ, అటువైపు ఆశా అక్కలెవరైనా మీకు తెలుసా? ఇక్కడ పేరు రాయకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.