అమ్మ చీరల బొంతకి కనబడని దారం వేస్తే పైన తెల్ల చుక్కలు వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

సీతమ్మధార_కుట్లు:
అందరికీ నమస్తే. మా అమ్మ పాత నేత చీరలు పదకొండు బయటికి తీశాను. పాప హాస్టల్‌కి వెళ్తోంది, అరకు వైపు. అక్కడి చలికి మన వైజాగ్ దుప్పటి ఏమాత్రం ఆగదు. అందుకే చీరల్ని చదరాలుగా కోసి, అతికి, మధ్యలో పల్చటి ఫైబర్ షీట్, అడుగున పాత తెల్ల దుప్పటి పెట్టి మెషిన్ మీద బొంత కుడుతున్నాను.

చిలకపచ్చ పక్కన మెరూన్, దాని పక్కన పసుపు. ఏ రంగు దారం వేసినా ఒక ముక్కలో కలిసిపోతుంది, పక్క ముక్క మీద పెన్నుతో గీసినట్టు కనబడుతుంది. సరే అని ఇన్విజిబుల్ దారం తెప్పించాను. పైన అది, అడుగున తెల్ల కాటన్ దారం. టెన్షన్ (పై దారం బిగుతు) 4 మీద ఉంది, సూది 16 నంబరు. మెరూన్ ముక్క మీద నువ్వులు జల్లినట్టు తెల్ల చుక్కలు! పైగా కుట్టు పొడుగునా ముడుతలు. జానెడు కుట్టేసరికి దారం తెగిపోతోంది. అమ్మ చీరలు పాడుచేస్తున్నానేమో అని భయంగా ఉంది. ఎవరైనా ఈ దారం వాడారా?

గాజువాక_టైలర్:
మేడమ్, ఆ చుక్కలు అడుగు దారానివి. పై దారం బిగుతు ఎక్కువై, బాబిన్ దారాన్ని పైకి లాగేస్తోంది. మామూలుగా రెండూ ఒకే రంగు కాబట్టి అది మన కంటికి ఆనదు. ఇక్కడ పై దారం అద్దంలాంటిది, అడుగున ఉన్న తప్పంతా బయటపడుతుంది.

ముడుతలకి కారణం కూడా అదే. మామూలు దారం అంటే రెండు మూడు పోగులు పురి పెట్టింది. ఇది ఒంటి పోగు. రబ్బరంత కాకపోయినా సాగుతుంది. సాగిన దారంతో కుడితే, గుడ్డ మెషిన్ మీంచి దిగాక అది వెనక్కి ముడుచుకుంటుంది, గుడ్డని కూడా ముడుస్తుంది. టెన్షన్ 4 నుంచి 2కి తెండి. చాలకపోతే ఒకటిన్నర. పనికిరాని ముక్కలు మూడు పొరలుగా పేర్చి దాని మీద చూసుకోండి, చీర మీద ప్రయోగాలు వద్దు. అడుగున ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే మరీ వదులైందని అర్థం, ఒక పాయింటు బిగించండి.

16 సూది జీన్స్ ప్యాంట్లకి. పాత నేత చీర మీద అది వేస్తే ప్రతి కుట్టుకీ కన్నం మిగులుతుంది, దారం సన్నం కాబట్టి ఆ కన్నాన్ని పూడ్చలేదు. 11 నంబరు పెట్టండి. స్పీడ్ తగ్గించండి. కుట్టు మొదట్లో, చివర్లో అర అంగుళం మేర చిన్న చిన్న కుట్లు వెయ్యండి, ఈ దారం నున్నగా ఉంటుంది, లేకపోతే జారి ఊడిపోతుంది.

ముక్కుపుల్ల:
జానెడుకోసారి తెగడం గురించి నా అనుభవం. రీలుని మెషిన్ మీద ఉన్న కడ్డీకే పెట్టారా? ఆ దారం స్ప్రింగులా చుట్లు విడిపోతుంది. ఆ చుట్లు జారి కడ్డీ మొదట్లో చుట్టుకుంటాయి, మనం కనిపెట్టేలోపు బిగుసుకుని టక్కున తెగుతుంది. నేను ఒక మధ్యాహ్నమంతా మెషిన్‌ని తిట్టాక గమనించాను.

రీలుని మెషిన్ వెనకాల స్టీల్ గ్లాసులో నిలబెట్టండి. మెషిన్ పైన ఒక పిన్నీసు టేపుతో అతికించి, దాని గుండ్రటి తలలోంచి దారం తెచ్చి మామూలు దారిలో వెయ్యండి. అప్పట్నుంచి నాకు తెగలేదు. ఫ్యాన్ ఆపండి. అంత తేలికైన దారం, గాలికి ఎటు పోయిందో కంటికి కనబడదు. మే నెలలో వైజాగ్‌లో ఫ్యాన్ ఆపి బొంత కుట్టడం అంటే అదో వ్రతం, చెప్పక్కర్లేదు.

హార్బర్_అబ్బాయి:
నవ్వకండి. మా ఆవిడ ఈ దారం కావాలంటే, డబ్బు దండగ ఎందుకని ఫిషింగ్ హార్బర్ దగ్గర గేలం దారం కొనుక్కొచ్చాను. రెండూ నైలానే కదా అని. ఆ షాపువాడు "ఎంత చేపకి?" అని అడిగాడు. ఏం చెప్పాలి! అన్నిటికంటే సన్నది ఇమ్మన్నాను. సూది కన్నంలోకి అయితే దూరింది. పది కుట్లు పడ్డాయి, పదకొండో దానికి బాబిన్ కేసులో చిక్కుపడి మెషిన్ ఆగిపోయింది. సూది కూడా వంగింది.

తర్వాత లేబుళ్ళు చూశాను. కుట్టు దారం మందం సుమారు 0.1 మి.మీ., అంటే మన తల వెంట్రుక లావు. నేను తెచ్చింది దానికి రెండింతలు పైనే, గట్టిది కూడా. ఆ పది కుట్లూ గుచ్చుకుంటున్నాయని మా ఆవిడ విప్పేసింది. మిగతా దారంతో పెరట్లో బీరపాదు కట్టాను, అది మాత్రం బాగుంది.

ఎంవీపీ_రాధమ్మ:
ఒక్క మాట అందరూ మర్చిపోయారు. అది నైలానా, పాలియెస్టరా? సీతమ్మధార అక్కా, లేబుల్ చూడండి.

నేను మూడేళ్ళ కిందట నైలాన్ది వాడాను. బొంత అయిపోయింది, రేపు పెళ్ళికి ఇవ్వాలి. ముడుతలు పోవాలని ఇస్త్రీపెట్టె కాటన్ మీద పెట్టి రుద్దాను. ఒక పక్క అయ్యాక చేత్తో తడిమితే ఇసక రేణువుల్లా గట్టిగా ఏవో తగిలాయి. చూద్దును కదా, దారం కరిగి అక్కడక్కడా గింజలు కట్టింది. ఆ వరసంతా పై గుడ్డ లేచి వచ్చేసింది. రాత్రి రెండింటి వరకూ చేత్తో కుట్టుకున్నాను. కాటన్ మీద ఇస్త్రీ 200 డిగ్రీలు దాటి కూడా వెళ్తుంది, కొన్ని రకాల నైలాన్ 220కే కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడుతుంది. పాలియెస్టర్ 250 దాటేదాకా కరగదు. ఇంకోటి, నైలాన్ కొన్నేళ్ళకి పచ్చబడుతుంది, పెళుసెక్కుతుంది కూడా. పాలియెస్టర్ అయినా సరే, వేడి తగ్గించి, పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యండి.

ముక్కుపుల్ల:
బాబిన్‌లో కూడా ఇదే దారం చుడదామనుకునేవాళ్ళు ఆగండి. నేను ప్లాస్టిక్ బాబిన్ నిండా జోరుగా చుట్టాను. సాగిన దారం బాబిన్ మీదే బిగుసుకుని, పొద్దున చూస్తే బాబిన్ పగిలి ఉంది. తప్పనిసరైతే నెమ్మదిగా, సగం వరకే. కానీ ఎందుకు? అడుగున దుప్పటి రంగు సన్న కాటన్ దారం చాలు.

చినవాల్తేరు_మామ్మ:
అమ్మా, మీ అందరి మాటలూ చదివాను. నాకొకటి అర్థం కాలేదు. కుట్టు కనబడకూడదని ఇంత తంటాలెందుకు? మా అమ్మ బొంత కుడితే చీర అంచులోంచి దారం లాగి, దాంతోనే వేసేది. ఎర్ర అంచు దారం తెల్ల గుడ్డ మీద వరసగా బియ్యపు గింజల్లా ఉండేది. ఎవరి చెయ్యో కుట్టు చూస్తే తెలిసిపోయేది. నా పెళ్ళికిచ్చిన బొంత మీద మా పిన్ని వేసిన వరస వంకరగా ఉంటుంది, ఇప్పటికీ దాన్ని చూసి నవ్వుకుంటాను.

మెషిన్ వద్దనను. చేతులు పడిపోతాయి, నాకు తెలుసు. కానీ పసిపిల్లల బొంతకి మాత్రం ఈ నైలాన్ వద్దు తల్లీ. కొస ఎక్కడైనా ఊడి ఉచ్చులా మిగిలితే పసివాళ్ళ కాలి వేలికి చుట్టుకుంటుంది. ఇది నూలు దారంలా తేలిగ్గా తెగదు, కంటికీ కనబడదు.

సీతమ్మధార_కుట్లు:
అందరికీ దండం. నాది పాలియెస్టర్. గండం తప్పింది.

సూది 11, టెన్షన్ ఒకటిన్నర, రీలు గ్లాసులో. చుక్కలు పోయాయి, ముడుతలు చాలావరకు పోయాయి. దారం ఎక్కించడమే నరకం. నా మెషిన్‌కి దారం ఎక్కించే చిన్న కొక్కెం ఉంది, అది ఈ దారాన్ని పట్టుకోదు. కొసకి నల్ల మార్కర్ రాసి, సూది వెనకాల తెల్ల కాగితం పెడితే కనబడింది.

కొత్త గొడవ: మెరూన్, నల్ల ముక్కల మీద ట్యూబ్‌లైట్ పడితే దారం చేప పొలుసులా మెరుస్తోంది.

గాజువాక_టైలర్:
ముదురు రంగులకి పొగ రంగు రీలు విడిగా వస్తుంది మేడమ్. రంగు లేనిది లేతవాటికే. రెండూ ఉంచుకోండి. ముక్కలు అతికిన గీత ఉంది కదా, సరిగ్గా ఆ పల్లంలోనే కుట్టు పడేలా నడపండి. అప్పుడు మెరుపు అసలు కనబడదు. వాకింగ్ ఫుట్ (పై గుడ్డని కూడా ముందుకి నడిపే పాదం) ఉంటే పెట్టండి, మూడు పొరలూ కలిసి జరుగుతాయి.

సీతమ్మధార_కుట్లు:
పొగ రంగు తెప్పించాను. నిన్నటికి బొంత పూర్తయింది. మామ్మగారూ, ఒక ముక్క మాత్రం మెషిన్ మీద పెట్టలేదు. 2014 హుద్‌హుద్ తుఫానులో బీరువా తడిసి, నీలం రంగు పసుపులోకి పాకిన చీర అది. అమ్మ పారెయ్యనివ్వలేదు. దాని చుట్టూ ఎర్ర నూలు దారంతో చేత్తో వేశాను. నాదీ వంకరే.

పొగ రంగు రీలు ముప్పాతిక మిగిలింది. దగ్గర్లో ఎవరికైనా కావాలంటే చెప్పండి.

మురళీనగర్_శైలు:
నాకు కావాలక్కా! చీరల ఫాల్ కుట్టడానికి పనికొస్తుందా?

ఎంవీపీ_రాధమ్మ:
ఫాల్‌కి వద్దు శైలూ. ప్రతిసారీ ఇస్త్రీ తగులుతుంది, కొసలు కాళ్ళకి గుచ్చుకుంటాయి. దానికి చీర రంగు నూలు దారమే.