చిరంజీవి పాత సినిమాలు ఇప్పుడు నిజంగా చూడగలుగుతున్నామా?

పాతరీలు

ఖైదీ (1983) నుంచి ఇంద్ర (2002) దాకా చిరంజీవి సినిమాలు వరసబెట్టి మళ్లీ చూస్తున్నాను. ఫ్యాన్ వార్ కోసం రాలేదు, నేనూ ఒకప్పుడు కటౌట్‌కి దండ వేసిన బ్యాచే. కానీ చూస్తున్నకొద్దీ ఆ పాత సరదా కరిగిపోతోంది. ఎందుకో తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

విచిత్రం ఏంటంటే పాతబడింది ఫైట్లు కాదు. ఖైదీలో పోలీస్ స్టేషన్ ఫైట్ ఇప్పుడు చూసినా వెన్ను నిటారుగా అవుతుంది. స్టాలోన్ ఫస్ట్ బ్లడ్ నీడ ఉందని అందరికీ తెలుసు, అయినా అక్కడ ఒక మనిషి తప్పించుకోవడానికి పెనుగులాడుతున్నట్టే ఉంటుంది. పట్టుకుంటారేమో అన్న భయం మనకీ ఉంటుంది. గ్యాంగ్ లీడర్ (1991) నాటికి ఆ భయం సగానికి తగ్గింది. ఇంద్ర నాటికి హీరో చెయ్యి ఎత్తకముందే ఎదుటివాడు గాల్లో ఉన్నాడు. ఆయనకేమీ కాదని మొదటి రీల్లోనే తెలిసిపోయాక ఇక ఫైట్ దేనికి?

సగం నష్టం రావు గోపాలరావు 1994లో పోవడంతో జరిగిందని నా అనుమానం. ఆయన గొంతు పెంచకుండా మాట్లాడుతుంటే హీరో గతి ఏమవుతుందో అనిపించేది. తరవాత వచ్చిన విలన్లు పొడుగ్గా ఉన్నారు, అంతే.

ఘరానా మొగుడు (1992) మాత్రం పూర్తి చేయలేకపోయాను. పాటలు, డాన్సు దాకా హాయిగా నడిచింది. పెళ్లి తరవాత భాగం ఆపేశాను.

మిల్లు కాలనీ

ముందు చిరంజీవి గారు అనండి. పద్మవిభూషణ్ ఇచ్చిన మనిషిని ఇంటిపక్క కుర్రాణ్ణి పిలిచినట్టు పిలుస్తున్నారు.

ఆపేశారట! తెలుగులో మొదటిసారి పది కోట్ల షేర్ చేసిన సినిమా అని ఇప్పటికీ చెప్పుకునే సినిమాని మీరు సోఫాలో కూర్చుని ఆపేస్తే దానికేమైనా లోటా?

టూరింగ్ టాకీస్

అన్నా, చిరు అన్నా, మెగాస్టార్ అన్నా ఆయనే కదా బ్రదర్. వదిలెయ్యండి.

మిల్లు కాలనీ

వదలను. ఎన్టీ రామారావు గారిని అలాగే అంటారా?

సావేరి

గారు తగిలిస్తే ఆ సినిమాలో ఉమాదేవి బతుకేమీ బాగుపడదు. పాతరీలు గారు సగంలో ఆపిన సినిమాని నేను మొత్తం చూశాను. ఫ్యాక్టరీ నడిపే ఆడది, పొగరుబోతు, కాబట్టి ఆమెకి బుద్ధి చెప్పాలి. కథ ఇంతే. చెప్పే పద్ధతి పెళ్లి.

మిల్లు కాలనీ

మేడమ్, అది ఆయన కథ కాదు. కన్నడంలో రాజ్‌కుమార్ గారు చేసిన అనురాగ అరళితు (1986)కి రీమేక్. తమిళంలో అదే 1992లో రజనీకాంత్ మన్నన్‌గా చేశారు. హిందీలో 1994లో లాడ్లా. నాలుగు భాషల్లో జనం చూశారు. నాలుగు రాష్ట్రాల జనానికీ బుద్ధి లేదా?

సావేరి

నాలుగు భాషల్లో ఆడితే నాలుగు భాషల్లోనూ మగవాళ్లకి ఆ కోరిక ఉందని అర్థం, అది మంచిదని కాదు.

మన్నన్ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. అందులో ఆ పాత్ర వేసింది విజయశాంతి. కర్తవ్యం (1990)లో పోలీసు డ్రెస్సు వేసి జాతీయ అవార్డు తెచ్చుకున్న మనిషి. గూండాలను ఆమె తన్నితే టికెట్లు కొన్న జనమే, రెండేళ్లకి ఆమె మొగుడి ముందు తగ్గితే ఈల వేశారు. యాక్షన్ స్టార్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆమె పేరు రావడానికి ఇన్ని పోస్టులు పట్టడం కూడా గమనించండి.

సీమ బిడ్డ

మీరంతా ఘరానా మొగుడు దగ్గరే ఆగిపోయినారు. పాతరీలు గారూ, ఇంద్రలో మీకు కనపడింది ఫైట్ ఒక్కటేనా? బాలకృష్ణ సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), తరవాత ఇంద్ర. ఆ మూడు నాలుగేండ్లు మా సీమని తెర మీద బాంబుల గోడౌన్ చేసి పెట్టినారు. నేను హైదరాబాద్‌లో రూమ్ కోసం తిరుగుతుంటే ఇంటివాళ్లు ఊరి పేరు అడిగేది, కడప అంటే నవ్వేది, "సుమోలు రావు కదా" అనేది. ఒకాయన అడ్వాన్స్ తీసుకొని కూడా వెనక్కి ఇచ్చేసినాడు. మాకు నీళ్లు లేవని ఒక్క పాటలో చెప్పి మిగతాదంతా కొడవళ్లే. దీని మీద మాట్లాడండి.

పాతరీలు

సీమ బిడ్డ గారూ, ఇంద్రలో హీరో గొడవలు వద్దని కాశీకి పోయిన మనిషి కదా. మిగతా రెండిటితో కలిపేయకండి.

సీమ బిడ్డ

కాశీకి పోయినా ఇంటర్వెల్‌కి తిరిగొచ్చేది కొట్టేదానికే కదా సార్. కాశీలో ఉన్నంతసేపు ఎవురూ ఈల ఎయ్యలేదు.

జెన్‌జీ బుజ్జి

నేను పుట్టకముందు సినిమాలు ఇవన్నీ. జగదేకవీరుడు అతిలోకసుందరి మొన్న 2025 మేలో మళ్లీ రిలీజ్ చేస్తే మా నాన్న లాక్కెళ్లాడు. కాగితాల వర్షం, ఒక్క డైలాగ్ వినపడలేదు. శ్రీదేవి మాత్రం వేరే లెవెల్. ఫైట్లలో మనుషులు కొంచెం స్పీడుగా నడుస్తారేంటి, ఛార్లీ చాప్లిన్‌లా?

టూరింగ్ టాకీస్

కెమెరా నెమ్మదిగా తిప్పి తీస్తే తెర మీద వేగంగా కనపడుతుంది తమ్ముడూ. ఫైట్లకి అప్పట్లో మామూలు కిటుకు. ఇప్పుడు స్లో మోషన్ పెట్టి అరగంట లాగుతున్నారు, అదీ ఇదీ ఒకటే మోసం.

ఆ సినిమా విడుదలైన రోజు, 1990 మే 9, తుపాను సరిగ్గా మా కృష్ణా డెల్టా మీదే పడింది. హాలు చుట్టూ నీళ్లు, కరెంటు లేదు, జనరేటర్ మీద షో. జనం ప్యాంట్లు మడుచుకుని వచ్చారు. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. మొన్న అందులోనే ఒక పెళ్లిలో భోంచేశాను. కూర బాగానే ఉంది.

డెల్టా డిస్ట్రిబ్యూటర్

నా పేరు చూసి మోసపోకండి, రెండు సినిమాలు కొని చేతులు కాల్చుకుని మానేశాను. కానీ లెక్క తెలుసు కాబట్టి చెప్తున్నా.

1955లో పుట్టిన మనిషి ఇంకా కుర్ర హీరోయిన్లతో స్టెప్పులు వేయడం ఏంటని ఇక్కడ ఎవరో ఒకరు అనబోతున్నారని తెలుసు. గాడ్ ఫాదర్ (2022)లో ఆయనకి జోడీ లేదు. నెరిసిన గడ్డం, నయనతార చెల్లెలి వరస. తగ్గి మాట్లాడే పాత్ర. మీరడిగినట్టే చేశారుగా? మూడు నెలలకి వాల్తేరు వీరయ్య (2023) వచ్చింది, లుంగీ, శృతి హాసన్, పాటలు. జనం ఎక్కడికి పరిగెత్తారో మీకు తెలుసు. ఆయనకేం నేర్పించాం మనం?

పాతరీలు

అదే ఏడాది భోళా శంకర్ కూడా వచ్చింది. అక్కడికి జనం పరిగెత్తలేదే? జోడీ ఉంటే ఆడుతుందని కాదు లెక్క.

డెల్టా డిస్ట్రిబ్యూటర్

భోళా శంకర్‌కి మూలమైన తమిళ వేదాళం 2015 నాటి సినిమా. ఎనిమిదేళ్లకి తెస్తే ఏం ఆడుతుంది? ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. రుద్రవీణ (1988) ఆయన సొంత బ్యానర్. ఫైట్లు పక్కనపెట్టి చేశారు. అవార్డు వచ్చింది, డబ్బు పోయింది. అంతకుముందు ఏడాది స్వయంకృషిలో చెప్పులు కుట్టే సాంబయ్య. ఈ చర్చలో ఇప్పటిదాకా ఆ రెండు పేర్లూ ఎత్తినవాడు లేడు. పాతవి మళ్లీ చూస్తామంటారు, మళ్లీ ఆ ఫైట్లే వేసుకుంటారు.

మిల్లు కాలనీ

శభాష్. అది అడగండి. ఈ ఇంటర్నెట్ మేధావులకి ఆయన ఏం చేసినా తప్పే. అమెరికాలో ఏసీ గదుల్లో కూర్చుని ముప్పై ఏళ్ల కింద సినిమాకి ఇప్పుడు నీతులు చెప్పడం. అప్పుడు లైన్లో నిలబడి లాఠీ దెబ్బలు తిన్నవాడికి తెలుసు ఆ సినిమా ఏంటో.

సావేరి

నేను ఏలూరులో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం. ఏసీ ఉంది, పనిచేయదు.

లాఠీ దెబ్బల గురించి మీరు చెప్పారు, ఆడవాళ్ల క్యూ గురించి నేను చెప్తాను. ఆ సినిమా చూసొచ్చిన కుర్రాళ్లు కాలేజీ గేటు దగ్గర ఏం చేసేవాళ్లో మీ అక్కచెల్లెళ్లని అడిగారా ఎప్పుడైనా? నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా ఆయన స్నేహితులు ఇంటికొచ్చి, "నువ్వు ఘరానా మొగుడివి కాకపోతే ఈవిడ నెత్తినెక్కుతుంది రా" అని నా ఎదురుగానే అనేవాళ్లు. ఆయన నవ్వేవాడు. నా జీతం చాలాకాలం మా అత్తగారి బీరువాలోకే వెళ్లింది. మీకది వినోదం.

మిల్లు కాలనీ

మీ ఇంట్లో గొడవకి సినిమా ఏం చేస్తుంది? మీ ఆయన చేతగానివాడైతే చిరంజీవి గారు బాధ్యులా?

జెన్‌జీ బుజ్జి

అంకుల్, అది టూ మచ్.

సీమ బిడ్డ

ఇంటి మనుషుల్ని తీసుకురావద్దు సోదరా. తప్పు.

మోడరేటర్

మిల్లు కాలనీ గారూ, వ్యక్తిగత వ్యాఖ్య ఇంకొకటి వస్తే చర్చకి తాళం వేస్తాను. ఈ ఒక్కసారికి వదిలేస్తున్నాను.

మిల్లు కాలనీ

తాళం అన్నారు కాబట్టి తాళం సంగతే చెప్తాను.

మా నాన్న జూట్ మిల్లు కూలీ. నేను హైస్కూల్లో ఉండగా మిల్లుకి లాకౌట్ పడింది. గేటు దగ్గర టెంటు వేసుకుని కూర్చున్నారు. ఓనరు కారు వస్తే ఎంత కోపమున్నా లేచి నిలబడేవాళ్లు, అలవాటు. అలా నిలబడొద్దని మా నాన్నతో నేను గొడవ పడ్డాను. ఆ రోజుల్లో ఘరానా మొగుడు వచ్చింది. తెర మీద మా నాన్న లాంటి యూనియన్ మనిషి ఓనరు కళ్లలోకి చూసి మాట్లాడుతున్నాడు. ఆవిడ ఆడదా మగదా అని హాల్లో ఒక్కడు కూడా చూడలేదు. ఓనరు. అంతే. హాలు మొత్తం మిల్లు కాలనీయే. కానిస్టేబుల్ కొడుకు, సినిమా కుటుంబం కాదు, ఆ మనిషి మా తరఫున అడుగుతున్నాడని మా నమ్మకం.

మీరు ఆ సినిమా చెత్త అంటే ఆ హాల్లో కూర్చున్న మేమంతా చెత్త అన్నట్టు వినపడుతోంది నాకు. అదీ నా మంట.

పాతరీలు

ఇది మీరు మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదండీ. నేను ఆపేసిన దగ్గర మీరు నిలబడి చప్పట్లు కొట్టారన్నమాట.

సావేరి

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

మీ నాన్నగారు ఆ కారు ముందు నిలబడకుండా ఉండాలని నాకూ ఉంది. మీ హాలు మీద నాకు పేచీ లేదు. కానీ ఒకటి అడుగుతాను. ఆ సినిమాలో యజమానిని ఓడించింది సమ్మె కాదు, తాళి. చివరికి కూలీలకి బోనస్ ఎంత పెరిగిందో మీకు గుర్తుందా? ఆమె ఎలా మారిందో మాత్రం అందరికీ గుర్తుంది. మీ కోపానికి మీరు కొన్న టికెట్ డబ్బులు నన్ను లొంగదీయడానికి ఖర్చుపెట్టారు.

మిల్లు కాలనీ

సమ్మె చేసి గెలిచినవాళ్లని చూపించండి. మా మిల్లులో గెలవలేదు. గేటు తెరిచాక సగం మందిని తీసుకోలేదు, అందులో మా నాన్న ఒకడు. సినిమాలోనైనా ఒకడు గెలిస్తే మీకొచ్చిన నష్టమేంటి?

సావేరి

నష్టం చెప్పాను కదా, బీరువా. సరే, అదే కథలో ఓనరు మగవాడైతే మీ హీరో ఎలా గెలిచేవాడు?

మిల్లు కాలనీ

కొట్టి. అప్పుడది ఖైదీ అయ్యేది.

సావేరి

అంతే కదా. మగ దొర అయితే కొట్టి గెలవాలి, దానికి పాతరీలు గారు చెప్పినట్టు ఒళ్లు హూనం కావాలి, ప్రాణభయం ఉండాలి. ఆడ దొర అయితే కట్టుకుంటే చాలు, ఒక్క దెబ్బ కూడా తగలదు. అందుకే ఖైదీ ఇప్పటికీ కూర్చోబెడుతుంది, ఇది కూర్చోబెట్టదు.

డెల్టా డిస్ట్రిబ్యూటర్

వసూళ్లు మాత్రం దీనికే ఎక్కువ అని గమనించగలరు.

సీమ బిడ్డ

ఇంద్ర గురించి నేనడిగింది ఎవురూ ముట్టుకోలేదు. సీమ అంటే ఇక్కడ కూడా అంతేనా?

మిల్లు కాలనీ

కట్టుకుని గెలిచినా గెలుపే అనుకున్నాం మేడమ్ అప్పుడు. మీ ఆయన గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. సినిమా గురించి అన్నది తీసుకోను. మా అమ్మ కూడా ఆ హాల్లో ఉంది, ఆ సీన్లకి మా నాన్న కంటే గట్టిగా నవ్వింది. ఆమెని ఏమంటారు?

సావేరి

ఏమీ అనను. కూలీ భార్యగా నవ్వారా, భార్యగా నవ్వారా అని ఆవిడనే అడగండి. అడిగి ఇక్కడ రాయండి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

మిల్లు కాలనీ

అడుగుతాను. అయితే ఆవిడ జవాబు నాకు ముందే తెలుసు. ఘరానా మొగుడులో మాటలెక్కువ, గ్యాంగ్ లీడరే మంచిదంటుంది.