చనిపోయిన నాన్నగారి సంతకంతో ప్రోనోటు: ఫోరెన్సిక్ పరీక్ష గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కృష్ణలంక అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయాక ఒకాయన ప్రోనోటు బయటపెట్టి అమ్మ మీద, నా మీద దావా వేశారు. దాని మీద ఉన్నది నాన్న సంతకం కాదని మా గట్టి నమ్మకం. నాన్న తెలుగులోనే సంతకం పెట్టేవారు. చివరి రోజుల్లో చెయ్యి బాగా వణికేది. నోటు మీద సంతకంలోనూ వణుకు కనిపిస్తోంది, అదే మాకు టెన్షన్. ల్యాబ్‌కి పంపించమని పిటిషన్ వేద్దామని మా లాయరు గారు అంటున్నారు. ఈ పని తెలిసినవాళ్ళు, ఇలాంటి కేసు నడిపినవాళ్ళు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి.

గుంటూరు జూనియర్:
ముందు ఒకటి గుర్తుంచుకోండి. సంతకం మీ నాన్నగారిదేనని రుజువు చేయాల్సింది దావా వేసినాయనే. మీరు కాదన్నాక ఆయన నోటు రాసిన లేఖరినో, సాక్షులనో కోర్టుకు తెచ్చి చెప్పించుకోవాలి. నోటు ఉంటే డబ్బు ముట్టినట్టే కోర్టు అనుకోవాలన్న నియమం చట్టంలో ఉంది కానీ, సంతకం రుజువయ్యాకే అది పనిచేస్తుంది.

నిపుణుడికి పంపే పిటిషన్ పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 45 కింద వేసేవాళ్ళం. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, అందులో అది సెక్షన్ 39. అప్పటికే నడుస్తున్న కేసులకు పాత చట్టమే.

నేను చూసినంతలో ఇలాంటి పిటిషన్లు దెబ్బతినేది పోల్చడానికి ఇచ్చే సంతకాల దగ్గరే. చాలామంది వకాలత్ మీదిదీ, జవాబు దావా మీదిదీ చూపించి వీటితో పోల్చమంటారు. తగాదా వచ్చాక పెట్టిన సంతకాన్ని కావాలనే మార్చి పెట్టి ఉండొచ్చని అవతలివాళ్ళు అడ్డం తగులుతారు, కోర్టులు కూడా వాటిని అంతగా నమ్మవు. మీ నాన్నగారు లేరు కాబట్టి కొత్తగా నమూనా తీసుకునే దారే లేదు. నోటు తేదీకి దగ్గరలో ఆయన పెట్టిన అసలు సంతకాలు ఎక్కడున్నాయో ఈ రోజు నుంచే వెతకండి.

పత్రాల పరీక్ష:
ఫోరెన్సిక్ పత్రాల పరీక్షలో శిక్షణ తీసుకున్నాను. వణుకు గురించి భయపడుతున్నారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

వయసు వల్లో జబ్బు వల్లో వచ్చే వణుకు ఒక తీరుగా ఉంటుంది. గీత వంకరపోయినా చెయ్యి తనకు అలవాటైన దారిలోనే వెళ్తుంది. మధ్యమధ్యలో వేగం అందుకుంటుంది, కొన్ని చోట్ల అదుపు తప్పి పక్కకు జారుతుంది, జారినదాన్ని మనిషి పట్టించుకోడు. నకలు చేసేవాడి వణుకు వేరు. వాడు రాయడు, బొమ్మ గీస్తాడు. గీత మొదటినుంచి చివరిదాకా ఒకే నెమ్మదితో, ఒకే ఒత్తిడితో నడుస్తుంది. మొదళ్ళు, చివర్లు సన్నబడకుండా మొద్దుగా ఆగిపోతాయి. అక్కర్లేని చోట పెన్ను ఎత్తిన గుర్తులు, మళ్ళీ దిద్దిన గుర్తులు మైక్రోస్కోపు కింద బయటపడతాయి. తన సంతకాన్ని తాను దిద్దుకునేవాళ్ళు లేకపోలేదు కానీ వాళ్ళు దాపరికం లేకుండా దిద్దుతారు.

తెలుగు సంతకంలో చూడటానికి చాలా ఉంటుంది. తలకట్టు అక్షరంతో కలిపి ఒకే ఊపులో వేస్తారా, పెన్ను ఎత్తి విడిగా పెడతారా? గుడి ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుంది? సున్న ఏ వైపునుంచి తిప్పుతారు, చివర కలుపుతారా వదిలేస్తారా? వత్తు కిందికి ఎంత దిగుతుంది? పైకి కనిపించే ఆకారాన్ని నకలు చేసేవాడు బాగానే పట్టుకుంటాడు. గీతలు వేసే వరస, వాటి మధ్య కొలతలు, ఎక్కడ నొక్కి ఎక్కడ తేలిపోతాడు అన్నవి పట్టుకోవడం కష్టం.

ప్రోనోటులో ఇంకో చిక్కు. సంతకం రెవెన్యూ స్టాంపు మీదుగా పోతుంది. స్టాంపు అంచు దగ్గర పెన్ను తడబడుతుంది, ఇంకు కూడా పక్కనున్న కాగితం మీద పట్టినట్టు పట్టదు. కాబట్టి నాన్నగారు స్టాంపు మీద పెట్టిన పాత సంతకాలు ఒకటి రెండు దొరికితే చాలా మేలు, పాత రశీదులైనా సరే.

రిటైర్డ్ లెడ్జర్:
బాబూ, బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. ఖాతా తెరిచిన ఫారం, నమూనా సంతకం కార్డు, చెల్లించిన చెక్కులు, లాకర్ కాగితాలు. బ్యాంకులు పాత వోచర్లను గడువు తీరాక నాశనం చేస్తాయి, అందుకే ఆలస్యం చేయకు. సొసైటీలో పంట రుణం తీసుకుని ఉంటే ఆ బాండు. ఎల్ఐసీ ప్రపోజల్ ఫారం. ఉద్యోగి అయితే సర్వీసు రిజిస్టరు, పెన్షన్ కాగితాలు. ఆయన పేరు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు.

నోటు మీద అంకెలు, అక్షరాలు కూడా బాగా చూడు. ‘ఏడు వేలు’ ముందు ‘ఇరవై’ చేర్చి, 7,000 ముందు 2 పెట్టి 27,000 చేయడం ఏమంత కష్టం కాదు. మామూలు కంటికి రెండు ఇంకులూ ఒకే నీలంగా కనిపిస్తాయి. ల్యాబ్‌లో పరారుణ కాంతి కింద పెడితే ఒకటి మాయమై ఇంకొకటి నిలిచి ఉండొచ్చు.

కృష్ణలంక అబ్బాయి:
అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు ప్రశ్నలు. ఇంట్లో నాన్న సంతకం ఉన్న జిరాక్సులు చాలా ఉన్నాయి, పనికొస్తాయా? నోటు మీద తేదీ పాతదే అయినా ఈ మధ్యే రాశారని మా అనుమానం. ఇంకు వయసు తేలుతుందా?

పత్రాల పరీక్ష:
జిరాక్సు మీద గట్టి అభిప్రాయం ఇవ్వడం కష్టం. ఒత్తిడి, పెన్ను ఎత్తిన చోటు, గీత మీద గీత ఎలా పడిందన్నది అన్నీ కాపీలో పోతాయి. అసలు కాగితాలే వెతకండి.

ఇంకు వయసు మీద ఆశ పెట్టుకోకండి. బాల్‌పెన్ గీతను చూసి ఫలానా నెలలో రాశారని చెప్పే నమ్మకమైన పద్ధతి మన ల్యాబుల్లో వాడుకలో లేదు. దానికోసం పంపిన కాగితాలు అభిప్రాయం లేకుండానే వెనక్కి వస్తుంటాయి.

ఇంకో మాట. ఒకే మనిషి పెట్టిన రెండు సంతకాలు గీతకు గీత కచ్చితంగా కలవవు. ఏదైనా పాత సంతకంతో ఈ నోటు మీదిది అచ్చంగా ఒకదానిమీద ఒకటి పడితే, కింద పెట్టి దిద్దిందేమోనని అనుమానించాలి. పక్కనుంచి వాలుగా లైటు వేస్తే, దిద్దేముందు నొక్కిన గాడి కొన్నిసార్లు కనిపిస్తుంది.

నల్గొండ అక్క:
తమ్ముడూ, మాది వీలునామా కేసు. మావైపు నుంచి ఇచ్చిన సంతకాలు బాగా పాతవి, వీలునామా నాటికి ఆయన చేతిరాతే మారిపోయింది. గట్టిగా ఏదీ చెప్పలేమని రిపోర్టు వచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాం. అప్పుడు ఆయనతో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన గుమాస్తా గారిని సాక్షిగా పిలిచాం. ఆ చేతిరాత బాగా ఎరిగినవాళ్ళు కోర్టులో చెప్పొచ్చట. ఆయన సాక్ష్యం మాకు చాలా ఆసరా అయింది. మీ నాన్నగారి రాత తెలిసినవాళ్ళు ఎవరున్నారో ఇప్పుడే ఆలోచించుకో.

గుంటూరు జూనియర్:
అక్క చెప్పింది నిజం. అది పాత చట్టంలో సెక్షన్ 47, కొత్తదాంట్లో 41.

సీమ పాఠకుడు:
ల్యాబ్ రిపోర్టుతో కేసు ముగిసిపోతుందనుకునేవాళ్ళకు ఒక మాట. 1980లో మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. హత్య జరిగిన చోట దొరికిన హిందీ రాత ఎవరిదన్నది అందులో ప్రశ్న. తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. నిపుణుడి మాటకు ఇంకో సాక్ష్యం తోడుండి తీరాలన్న నియమమేదీ లేదన్నారు. అయితే చేతిరాత పరీక్ష వేలిముద్రల శాస్త్రమంత పరిపూర్ణం కాదనీ, జాగ్రత్తగా చూడాలనీ, నిపుణుడు చూపిన కారణాలను పరిశీలించాలనీ చెప్పారు. కాబట్టి రిపోర్టు రాగానే చివరి వాక్యం చదివి వదిలేయకండి. కారణాలు చదవండి, ఫొటోలు చూడండి.

2022లో అమెరికాలో 86 మంది పరీక్షకుల మీద చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. వేర్వేరు మనుషుల రాతలను ఒకరివేనని తప్పుగా చెప్పింది 3.1 శాతం, ఒకే మనిషి రాతలను వేరేవాళ్ళవని తప్పుగా చెప్పింది 1.1 శాతం. అక్కడ పరీక్షించింది ఇంగ్లీషు రాతలను. తెలుగు రాత మీద ఇంత పెద్ద అధ్యయనం జరగాలని నా బలమైన కోరిక.

రాత చూసి గుణం చెబుతామనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. ఆ పనికీ దీనికీ సంబంధం లేదు.

పత్రాల పరీక్ష:
నమూనాల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. 1983లో జర్మనీలో హిట్లర్ డైరీలంటూ కొన్ని బయటికొచ్చాయి. అంతకుముందే చేతిరాత నిపుణులు ఆ రాత అసలుదేనన్నారు. వాళ్ళకు పోల్చడానికి ఇచ్చిన ‘హిట్లర్ రాత’లోనే కొంత డైరీలు తయారుచేసిన కోన్రాడ్ కుజావ్ రాసిందే. చివరికి కాగితంలో యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన రసాయనం దొరికి గుట్టు బయటపడింది. అవతలివాళ్ళు కూడా మీ నాన్నగారివంటూ సంతకాలు ఇస్తే, అవి నిజంగా ఆయనవేనని తేలేదాకా ఒప్పుకోకండి.

కృష్ణలంక అబ్బాయి:
సొసైటీ రుణం కాగితాలు ఉన్నాయని తెలిసింది, నోటు తేదీకి దగ్గరివే. కార్యదర్శి గారు తీసుకెళ్ళమంటున్నారు.

గుంటూరు జూనియర్:
మీరు ముట్టుకోకండి. మీ చేతికి వస్తే వాటి మీద కూడా అనుమానం పుట్టిస్తారు. ఆ రికార్డును కార్యదర్శి గారే నేరుగా కోర్టుకు తెచ్చేలా సమన్లు పంపించమని మీ లాయరు గారికి చెప్పండి. ఆ కాగితాలను పరీక్షకు పంపాలని అదే పిటిషన్‌లో అడగమనండి.